తొమ్మిది ఆరా, ఆరు తొమ్మిదా?

ముందే చెప్తున్నా, ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద ఒక సాఫ్ట్‌వేర్ వాడి ఏడుపు. కోడు, డేటాబేసులు, తేదీలు... ఇంతే ఉంటుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ ఎప్పుడైనా ఒక్కసారైనా కోడులో "పార్స్" అని రాసి, దాని మీద జీతం తీసుకున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవాలని మనవి. తిట్లన్నీ మీకోసమే దాచిపెట్టా. అందులో నా వాటా కూడా ఉంది లెండి, కంగారు పడకండి.

ముందు కథ.

మా చిన్నాయన కిందటేడు చనిపోయాడు. వనపర్తి దగ్గర ఒక పల్లె మాది. బర్రెల కోసం అప్పు తీసుకున్నప్పుడు దాంతోపాటే ఒక బీమా పాలసీ కూడా అంటగట్టారు. అంటగట్టారని అప్పట్లో తిట్టింది నేనే. ఇప్పుడు చిన్నమ్మకు ఆ కాగితమే దిక్కయింది. కంపెనీ పేరు చెప్పను. చెప్తే మీరంతా ఆ కంపెనీని నాలుగు తిట్టి, మళ్ళీ మీ కోడు మీరు రాసుకుంటారు. నాక్కావలసింది అది కాదు.

ఆధార్ కార్డు మీద చిన్నాయన పుట్టిన తేదీ 09/06/1969. అంటే జూన్ తొమ్మిది. పాలసీ కాగితం మీద ఉన్నది 06-సెప్టెంబర్-1969. "తేదీలు కలుస్తలేవు, సరిజేసుకొని రాండ్రి" అని ఫైలు వెనక్కిచ్చారు.

సరిజేసుకొని రావడం అంటే ఏంటో తెలియాలంటే మా పాలమూరు మ్యాపు తెలియాలి. చిన్నాయన చదివింది గద్వాల వైపు, వాళ్ళ మేనమామ ఊళ్ళో. ఐదో తరగతి దాకా. ఆధార్ ఒక్కటే చాలదు, బడి సర్టిఫికెట్ కావాలన్నారు. (ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా వయసు తేల్చడానికి ఆధార్ కన్నా బడి సర్టిఫికెట్‌నే లెక్కలోకి తీసుకోవాలంది.) కాబట్టి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి నడిగడ్డకు పోవాలి. అఫిడవిట్ చేయించేది వనపర్తిలో. బీమా ఆఫీసు నాగర్‌కర్నూల్‌లో. 2016 దాకా ఈ మూడు ఊళ్ళూ ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలకు మూడు ముఖ్య పట్టణాలు. చిన్నమ్మ ఈ త్రికోణంలో పద్నాలుగు సార్లు తిరిగింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి టికెట్టు డబ్బులు మిగిలాయి. కూలి డబ్బులు మాత్రం పోయాయి.

ఆరో ఏడో తిరుగుడులో, కౌంటర్లో కూర్చున్న అతను చిన్నమ్మకు లాజిక్ చెప్పాడట. "అమ్మా, కంప్యూటర్ల తప్పు వడితె రెండు తేదీలూ తప్పు వడాలె గద. ఇగో, నామినీ కాడ నీ తేదీ కరెక్టుగనే ఉన్నది. నీది కరెక్టు వడి ఆయనది తప్పు వడుతదా? మీ ఆయన చెప్పుడే తప్పు చెప్పిండు."

ఆ రాత్రి చిన్నమ్మ ఫోన్ చేసి అడిగింది. "ఏమో బిడ్డా, మీ చిన్నాయన అబద్ధం జెప్పే మనిషి గాదు. కంప్యూటర్ అబద్ధం ఆడదంటరు. మరి ఎవలు ఆడిన్రు?"

కాగితం ఫోటో తీసి పంపించమన్నా. వాట్సాప్‌లో వచ్చింది. చిన్నాయన తేదీ 09/06/1969, పడింది 6 సెప్టెంబరు. చిన్నమ్మ తేదీ 23/04/1974, పడింది 23 ఏప్రిల్. ఒకే కాగితం, ఒకే రోజు ఎక్కిన తేదీలు. ఒకటి తిరగబడింది, ఒకటి నిటారుగా ఉంది.

ఒక్క నిమిషం కూడా పట్టలేదు నాకు. ఆ కంపెనీ కోడు నేను చూడలేదు, చూడలేను కూడా. కానీ ఆ చేతిరాత నాకు తెలుసు. ఎందుకంటే అది నా చేతిరాత.

ఎలాగో చెప్తా.

మన లైబ్రరీల్లో చాలావాటికి ఒక మర్యాద ఉంది. తేదీ ఏ పద్ధతిలో ఉందో మీరు చెప్పకపోయినా అడగవు, అవే ఊహించుకుంటాయి. పైథాన్‌లో డేట్‌యుటిల్ అనే లైబ్రరీ ఉంది చూడండి, దానికి 09/06/1969 ఇస్తే అమెరికా వాడిలా ముందున్నది నెల అనుకుంటుంది. సెప్టెంబరు 6 అంటుంది. 23/04/1974 ఇస్తే "23వ నెల ఉండదు కదా, పోనీలే పాపం, తిరగేసి చదువుదాం" అని ఏప్రిల్ 23 అంటుంది. ఎర్రర్ రాదు. రెండిట్లో ఏది ఊహ, ఏది నిజం అనే గుర్తు కూడా ఎక్కడా మిగలదు. పాండాస్‌లో టు_డేట్‌టైమ్ కూడా 2.0 వెర్షన్‌కు ముందు ఇదే పని చేసేది. ఒక్కో విలువనూ విడివిడిగా ఊహించేది. ఒకే కాలమ్‌లో సగం మందిని అమెరికాలో, సగం మందిని ఇండియాలో పుట్టించేది. 2023 ఏప్రిల్‌లో 2.0 వచ్చాక కాస్త బుద్ధి తెచ్చుకుంది. మొదటి విలువను చూసి ఒక పద్ధతి అనుకుని, తర్వాతవి దానికి కుదరకపోతే ఎర్రర్ ఇస్తుంది. కానీ ఆ మొదటి ఊహ మాత్రం ఇప్పటికీ నెల ముందనే. కాలమ్‌లో అన్నీ 12 లోపు అంకెలే ఉన్నాయా, మళ్ళీ అంతా సైలెంట్‌గా సెప్టెంబరే.

చిన్న లెక్క చేద్దాం. ఏడాదిలో తేదీ కూడా 12 లోపే ఉండే రోజులు 12 గుణించు 12, మొత్తం 144. అందులో 1/1, 2/2 లాంటివి 12 రోజులు తిరగేసినా మారవు. మిగిలిన 132 రోజుల్లో ఏ రోజు పుట్టినా మీ తేదీ చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. 365లో 132 అంటే నూటికి 36. మిగతావాళ్ళవి సరిగ్గా పడతాయి. అందుకే ఈ రోగం పట్టుబడదు. అన్నీ తప్పయితే మొదటి రోజే గోల అవుతుంది. మూడో వంతు మాత్రమే తప్పయితే, మిగతా రెండు వంతులూ కంప్యూటర్ తరఫున సాక్ష్యం చెప్తాయి. కౌంటర్లో ఆ అబ్బాయి చెప్పిన లాజిక్ అదే కదా. రెండో తేదీ కరెక్టు కాబట్టి మొదటి తేదీ చెప్పినవాడే అబద్ధాలకోరు!

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తేదీని ఊహించే ప్రోగ్రాము తప్పు చేయడమే కాదు, తన తప్పును మనిషి మీదకు నెడుతుంది. ఎర్రర్ వస్తే ఆ బాధ మనది, రాత్రి పదకొండింటికి ఫోన్ మనకొస్తుంది. ఎర్రర్ మింగేస్తే ఆ బాధ ఎప్పుడో పదేళ్ళ తర్వాత, ఎక్కడో నాగర్‌కర్నూల్ బస్టాండులో, మనం ఎన్నడూ చూడని ఒక ఆడమనిషిది. మన నిద్ర కోసం ఆమె కూలి పోగొట్టడం... దీన్ని మనం "రోబస్ట్ కోడ్" అంటున్నాం.

ఇక నా వాటా.

2020లో, నా మొదటి ఉద్యోగంలో, ఒక కస్టమరు పాత డేటాబేసు నుంచి కొత్త డేటాబేసుకు మనుషుల వివరాలు మార్చే పని నాకిచ్చారు. పాతదాంట్లో పుట్టిన తేదీ అక్షరాల కాలమ్‌లో ఉండేది. తేదీ ముందు, నెల తర్వాత. కొత్తదాంట్లో అసలైన డేట్ కాలమ్. మధ్యలో నా పైథాన్ స్క్రిప్టు. టు_డేట్‌టైమ్ అని రాశా, ఫార్మాట్ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే ఇవ్వకపోయినా నడిచింది కాబట్టి. నేను టెస్ట్ చేసిన తేదీ నా పుట్టినరోజు. నేను పుట్టింది 27వ తేదీన :) "జీరో ఎర్రర్స్" అని మెయిల్ కొట్టి, టీమంతా బిర్యానీకి పోయాం. ఆ జీరో ఎర్రర్లే నేను చేసిన పెద్ద ఎర్రర్ అని అర్థం కావడానికి చిన్నాయన పోవాల్సి వచ్చింది.

ఆ కస్టమరు, చిన్నాయన బీమా కంపెనీ ఒకటి కావు. కాకపోతే మాత్రం?

ఆ ప్రాజెక్టులో ఇంకా ఉన్న పాత మిత్రుణ్ణి ఒక్క క్వెరీ నడపమన్నా. పేర్లు వద్దు, వివరాలు వద్దు, ఏ తేదీన ఎంతమంది పుట్టారో లెక్క మాత్రం చెప్పమన్నా. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా. నేను చూడాలనుకున్నది ఆరో తేదీని. ఎందుకంటే మన పల్లెల్లో నలభై ఏళ్ళు దాటినవాళ్ళకు పుట్టిన తేదీ తల్లి ఇచ్చింది కాదు, బడి సారు ఇచ్చింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు చేర్చుకుంటూ, ఐదేళ్ళు నిండేట్టు లెక్కేసి జూన్‌లోనే ఏదో ఒక తేదీ వేసేవారు. అలా జూన్ మొదటి 12 రోజుల్లో "పుట్టిన" వాళ్ళందరూ తిరగబడితే ఏమవుతారు? ప్రతి నెలా ఆరో తేదీన పుట్టినవాళ్ళు అవుతారు!

మిత్రుడు గ్రాఫు పంపాడు. ఆరో తేదీ దగ్గర కొండ.

మా పాత మేనేజరుకు మెయిల్ రాశా. మర్యాదగా, గ్రాఫు జతచేసి. జవాబు రెండు ముక్కలు. ఇప్పటిదాకా యూజర్ల నుంచి కంప్లయింట్ రాలేదు, ప్రొడక్షన్ డేటా ముట్టుకోవద్దు. నిజమే, కంప్లయింట్ రాలేదు. కంప్లయింట్ రావాలంటే ఆ మనిషికి "తప్పు నాది కాదు" అని తెలియాలి. అది తెలిసే దారే లేకుండా చేసింది నేనే కదా.

ఇదేదో పైథాన్ ఒక్కదాని గొడవ అనుకుని జావా మిత్రులు మీసాలు దువ్వకండి. వస్తున్నా.

మా బడి రిజిస్టర్లలో జూన్ 31 కూడా ఉంటుంది. నవ్వకండి, సారు ఆ రోజు వందమందిని చేర్చుకున్నాడు. 31/6/1985 అనే తేదీని జావా పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్‌కు ఇవ్వండి. జూలై 1 అంటుంది. 2014లో జావా 8తో వచ్చిన కొత్త లైబ్రరీకి మామూలుగా ఇవ్వండి. జూన్ 30 అంటుంది. ఒరాకిల్‌కు ఇవ్వండి. ఓఆర్ఏ-01839 అని మొహం మీద చెప్తుంది, ఆ నెలలో ఆ తేదీ లేదని. స్ట్రిక్ట్ మోడ్ లేని పాత మైఎస్‌క్యూఎల్‌కు ఇవ్వండి. ఒక వార్నింగ్ గొణిగి 0000-00-00 అని దాచుకుంటుంది. ఆ సున్నాలను జావా డ్రైవరు చదవబోతే ఎక్సెప్షన్. దాన్ని ఆపడానికి మనం ఏం చేస్తాం? నెట్లో వెతికి, సున్నాలను నల్‌గా మార్చే సెట్టింగ్ కనెక్షన్ స్ట్రింగ్‌కు తగిలిస్తాం. ఆ నల్‌ను ఇంకెవడో సున్నా అనుకుంటే, స్క్రీన్ మీద ఆ మనిషి 1970 జనవరి 1న, మన టైము ప్రకారం పొద్దున ఐదున్నరకు పుడతాడు. ఒక్క తేదీకి నాలుగు సాఫ్ట్‌వేర్లు, నాలుగు జవాబులు. వీటిలో నిజాయితీగా ఉన్నది ఎర్రర్ ఇచ్చిన ఒరాకిల్ ఒక్కటే. మనం తిట్టుకునేదీ దాన్నే!

రెండంకెల సంవత్సరం ఇంకో చోద్యం. చిన్నాయన పుట్టిన 69నే తీసుకోండి. పైథాన్ లైబ్రరీ 69 నుంచి 99 దాకా పాత శతాబ్దం అంటుంది. కాబట్టి 1969. మైఎస్‌క్యూఎల్ 70 నుంచి 99 దాకా మాత్రమే పాతది అంటుంది. కాబట్టి 2069. ఒక్క ఏడాది తేడా. ఆ ఏడాది ఏదో చూశారా? మా తెలంగాణ వాళ్ళు మరిచిపోలేని 1969. ఆ ఏడు పుట్టినవాళ్ళంతా లైబ్రరీ ప్రకారం యాభై దాటినవాళ్ళు, డేటాబేసు ప్రకారం ఇంకా పుట్టనివాళ్ళు.

జావాస్క్రిప్టు వాళ్ళకు 18:30 గురించి చెప్పక్కర్లేదు. మన దేశంలో కోడు రాసిన ప్రతివాడూ ఏదో ఒక రాత్రి లాగుల్లో 18:30:00 చూసి ఉంటాడు. జూన్ 9 అర్ధరాత్రి మన టైము అంటే యూటీసీలో జూన్ 8 సాయంత్రం ఆరున్నర. పుట్టిన తేదీని టైముతో కలిపి ఐఎస్ఓ స్ట్రింగుగా మార్చి, వెనక ముక్క కోసేసి డేటాబేసులో పడేస్తే మనిషి ఒక రోజు ముందే పుడతాడు. ఊళ్ళో సరైన తేదీ తెలియని ముసలివాళ్ళకు జనవరి 1 రాసి ఉంటారు చూడండి, వాళ్ళు తిరగేసే రోగం నుంచి బతికిపోయారు. 1/1 ఎటు చదివినా ఒకటే కాబట్టి. కానీ ఈ రోగం వాళ్ళనూ వదలదు. డిసెంబరు 31కి పోతారు, సంవత్సరమే మారిపోతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ళ మధ్య అని వయసు హద్దు పెట్టారు. ఇట్లాంటి హద్దులున్న చోట ఒక రోజు అంటే ఒక రోజు కాదు, మొత్తం డబ్బు.

"ఐఎస్ఓ వాడితే సరిపోతుంది కదా" అంటారు తెలిసినవాళ్ళు. వాడండి. సంవత్సరం-నెల-తేదీ అని ఐఎస్ఓ 8601 1988లోనే చెప్పింది, మన బీఐఎస్ కూడా ఐఎస్ 7900లో అదే రాసుకుంది. కానీ అదీ మంత్రం కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ రకం కాలమ్ ఉండి, లాగిన్ భాష బ్రిటిష్ అని ఉంటే 2016-10-11ను అది నవంబరు 10గా చదువుతుంది. ఐఎస్ఓలో ఇచ్చినా తిరగేస్తుంది! కొత్త డేట్ రకం అలా చేయదు. పోస్ట్‌గ్రెస్‌లో డేట్‌స్టైల్ అనే సెట్టింగ్ ఉంటుంది, నెల ముందని ఉంటే 11/10/2016ను నవంబరు 10 అనే తీసుకుంటుంది. మీ లాప్‌టాప్‌లో ఒక సెట్టింగ్, సర్వర్‌లో ఇంకొకటి. తేదీ అర్థం సెట్టింగులో ఉంటే అది తేదీ కాదు, జాతకం.

ఆ 11/10/2016 ఊరికే తీసుకోలేదు. మా వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు పుట్టిన రోజది. 2016 అక్టోబరు 11, దసరా. తిరగేస్తే నవంబరు 10. నోట్ల రద్దు తర్వాత జనం మొదటిసారి బ్యాంకుల ముందు లైన్లు కట్టిన రోజు. పండగ కాస్తా క్యూ అయింది! ఇంకా చూడండి. తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది 9/12/2009న. తిరగేస్తే సెప్టెంబరు 12. అప్పటికి నిరాహార దీక్షే మొదలు కాలేదు. రాష్ట్రం వచ్చింది 2/6/2014న. తిరగేస్తే ఫిబ్రవరి 6. లోక్‌సభలో బిల్లు పాసయ్యింది ఫిబ్రవరి 18న. అంటే బిల్లు కన్నా ముందే రాష్ట్రం. హైదరాబాదు సంస్థానం లొంగిపోయింది 17/9/1948న. జావా పాత లైబ్రరీకి నెల ముందని చెప్పి ఇది ఇస్తే, పదిహేడో నెల కదా, ఏడాది దాటించి 1949 మే 9 అంటుంది. ఈ నాలుగు తేదీల్లో ఏది తప్పుపడినా మనకు తెలిసిపోతుంది. రోడ్డెక్కి కొట్లాడతాం కూడా. చరిత్రకు సాక్షులు కోట్లమంది. మా చిన్నాయన తేదీకి సాక్షి ఒక చిరిగిన రిజిస్టరు, ఒక ఆడమనిషి. అందుకే ఆయన తేదీ విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలంటున్నా.

ఇప్పుడు మన వాళ్ళ వాదనలు చూద్దాం.

ఒకటి, "యూజరు తప్పు ఎంటర్ చేస్తే మేమేం చేస్తాం?" బాబూ, 09/06 తప్పు ఎంట్రీ కాదు. ఈ దేశంలో తేదీ రాసే పద్ధతే అది. మీరు రాసిన ఖాళీ గడి మీద ఏ పద్ధతో చెప్పనిది మీరు. ఆపరేటరు తన అలవాటు ప్రకారం కొట్టాడు, మీ లైబ్రరీ దాని అలవాటు ప్రకారం చదివింది. మధ్యలో కూర్చుని జీతం తీసుకుంటున్నది మీరు, నేను.

రెండు, "వచ్చిందాన్ని ఉదారంగా తీసుకోవాలి, పంపేది కచ్చితంగా పంపాలి అని పోస్టెల్ చెప్పాడు కదా." చెప్పాడు, 1980లో, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ గురించి. ఆ ఉదారత్వం వల్ల తప్పులు పేరుకుపోయి రాళ్ళలా గట్టిపడతాయని ఇంటర్నెట్ పెద్దలే 2023లో ఇంకో ఆర్ఎఫ్‌సీ రాసుకున్నారు. అయినా ఉదారంగా ఉండాలంటే మన సొమ్ముతో ఉండాలి. ఇంకొకరి పుట్టిన తేదీతో ఉదారంగా ఉండటాన్ని మనవాళ్ళు ఏమంటారో తెలుసు కదా, అత్త సొమ్ము అల్లుడు దానం.

మూడు, "రిజెక్ట్ చేస్తే లక్ష రికార్డులు ఆగిపోతాయి, క్లయింట్ ఊరుకోడు." ఆగిపోనివ్వండి. లక్ష రికార్డులు ఒక రోజు ఆగితే ఒక మీటింగ్ అవుతుంది. ఆగకపోతే వాటిలో నూటికి 36 మంది ఒక్కొక్కరూ, ఒక్కో ఊళ్ళో, ఒక్కో ఏడాది, ఒంటరిగా ఆగిపోతారు. వాళ్ళకు మీటింగ్ ఉండదు.

జన్యు శాస్త్రజ్ఞుల సంగతి వినే ఉంటారు. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే ఏళ్ళ తరబడి ఏడ్చి, చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అంత చదువుకున్నవాళ్ళే సాఫ్ట్‌వేర్‌కు తలవంచి తమ పేర్లు మార్చుకోవాల్సి వస్తే, ఐదో తరగతి చదివిన చిన్నాయన ఏపాటి? కాకపోతే వాళ్ళకు మార్చుకోవడానికి ఒక కమిటీ ఉంది. ఈయనకు మా చిన్నమ్మ ఉంది.

ఏం చేయాలి అంటారా? ఏమంత కొత్త విషయాలు కావు. తెలిసినవే, చేయనివే.

పుట్టిన తేదీ గడిలో నెలను అక్షరాల్లో చూపించండి. 09/06 కాదు, 9 జూన్. సేవ్ చేసే ముందు అదే అక్షరాల్లో మళ్ళీ చూపించి, ఆపరేటరు ఎదుటి మనిషికి చదివి వినిపించేట్టు చేయండి. "తొమ్మిది జూన్ అరవై తొమ్మిది, అంతేనా పెద్దాయనా?" అంటే మా చిన్నాయన తల ఊపేవాడో, కాదనేవాడో. ఆయనకు చదువు తక్కువ గానీ చెవులు బాగానే ఉండేవి.

కోడులో ఫార్మాట్ ఇవ్వకుండా తేదీ పార్స్ చేయకండి. ఒక్క చోట కూడా. పాండాస్‌లో డేఫస్ట్ అని పెట్టి చేతులు దులుపుకోకండి, అది కచ్చితమైన ఆజ్ఞ కాదు, సలహా మాత్రమే. కుదరకపోతే మళ్ళీ తిరగేస్తుంది. ఫార్మాటే ఇవ్వండి. జావాలో పాత క్లాసులు వాడక తప్పకపోతే లీనియంట్‌ను ఆపేయండి. కొత్తవి వాడితే స్ట్రిక్ట్ పెట్టండి. స్ట్రిక్ట్‌లో సంవత్సరానికి నాలుగు వైలు కాదు, నాలుగు యూలు రాయాలి, అది మరిచిపోయి స్ట్రిక్ట్ పనిచేయడం లేదని తీసేసినవాళ్ళను నేనెరుగుదును. డేటాబేసుకు స్ట్రింగు పంపకండి, డేట్ రకం పారామీటరుగానే పంపండి. పుట్టిన తేదీకి టైము లేదు, టైమ్‌జోన్ లేదు. డేట్ కాలమ్ చాలు.

మైగ్రేషన్ చేస్తే పాత అక్షరాల కాలమ్‌ను పారేయకండి. పక్కనే ఉంచండి. నా స్క్రిప్టు పాతదాన్ని ఉంచి ఉంటే ఈరోజు అరగంటలో సరిచేసేవాళ్ళం. ఇప్పుడు ఆ కొండలో నిజంగా ఆరో తేదీన పుట్టినవాళ్ళెవరో, నేను పుట్టించినవాళ్ళెవరో డేటాబేసును అడిగి తెలుసుకునే మార్గం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

టెస్టులకు డిసెంబరు 25 వాడకండి. 9/6, 6/9 రెండూ పెట్టి చూడండి. లోడ్ అయ్యాక తేదీ వారీగా లెక్క తీయండి. ఆరో తేదీన కొండ కనిపిస్తే రిలీజు ఆపండి.

చివరగా చిన్నమ్మ సంగతి. డబ్బులు వచ్చాయి. ఎనిమిదో నెలలో. ఎలా వచ్చాయో చెప్పి ముగిస్తా.

అఫిడవిట్ కావాలన్నారు కదా. ఏం రాయాలో ఆఫీసు వాళ్ళే నమూనా ఇచ్చారు. "పాలసీ తీసుకునే సమయంలో నా భర్త పొరపాటున తప్పు పుట్టిన తేదీ తెలియజేసినారు" అని. నేను ఒప్పుకోలేదు. ఫోన్లో అరిచాను. ఇది అబద్ధం, ఆయన సరిగ్గానే చెప్పాడు, తప్పు సాఫ్ట్‌వేర్‌ది, అలా రాయమను అన్నా. అట్ల రాస్తే తీసుకోరట. "పోనీ బిడ్డా, సచ్చినోడు వచ్చి అడుగుతడా" అని చిన్నమ్మ వనపర్తిలో నోటరీ ముందు వేలిముద్ర వేసింది. చనిపోయిన భర్త తప్పు చెప్పాడని, బతికున్న భార్య ప్రమాణం చేసింది. స్టాంపు పేపరు మీద. మనలాంటి ఎవడో ఫార్మాట్ రాయడానికి బద్ధకించినందుకు.

ఆమె అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. ఎవలు ఆడిన్రు అంటే "నేనే చిన్నమ్మా" అనాలి. ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు చెప్తా. పాత మేనేజరుకు మాత్రం ఆగలేదు, రెండో మెయిల్ కొట్టా. ఈసారి ఆయన పైవాళ్ళను కూడా కలిపి, ఆ స్క్రిప్టు రాసింది నేనేనని మొదటి వాక్యంలోనే రాసి. జవాబు రాలేదు. మూడోది రాస్తా.

మీరు రేపు ఆఫీసుకు పోగానే ఒక పని చేయండి. మీ ప్రాజెక్టు తెరిచి, పార్స్ అని వెతకండి. పక్కన ఫార్మాట్ లేని ప్రతి చోటా ఆగండి. ఆ గీత అవతల ఎవరి చిన్నమ్మ బస్సు ఎక్కుతోందో మీకు తెలియదు.

ఉంటా.